వరుసలోంచి పేరు తీసే విద్య తెలుగులోనే రావాలి

కంప్యూటరు చదువుకు తెలుగు పనికిరాదన్న మాటను మనం ఇంకెంతకాలం మర్యాదగా విని ఊరుకుందాము? ఈ మాట అనేవారు ప్రభుత్వ కార్యాలయాలలో ఉన్నారు, బడుల యాజమాన్యాలలో ఉన్నారు. అందరికంటె ఎక్కువగా మన ఇళ్ళలోనే ఉన్నారు. ఇంట్లో తెలుగు, కచేరీలో తమిళం, యంత్రం ముందు ఇంగ్లీషు అని బతుకును మూడు గదులుగా పంచుకొని, అన్నిటిలోకి చిన్న గదిని అమ్మనుడికి ఇచ్చి, అదే గొప్ప ఔదార్యమైనట్లు పిల్లలకు చెప్పుకుంటున్నాము. ఇటువంటివారితో వాదించి వాదించి నోరు నొచ్చింది. అందుకని ఈ నెల ఒక చిన్న పాఠాన్నే సాక్షిగా బోనెక్కిస్తున్నాను. జావాస్క్రిప్ట్ అనే కంప్యూటరు భాషలో ఒక వరుసలోంచి ఒక అంశాన్ని తీసేయడం ఎట్లా అన్నది ఆ పాఠం. దానిని తెలుగులో చెప్పగలమా, చెప్పకపోతే నష్టం ఎవరికి అన్నది పాఠకులే తేల్చవచ్చును.

న్యాయవాదికి ఈ పాఠంతో పనేమిటని మీరు అడగవచ్చు. నా పనంతా జాబితాలతోనే. ఓటర్ల జాబితా, రేషను కార్డుల జాబితా, బడిలో అమ్మనుడి వారీగా పిల్లల జాబితా. ఒకప్పుడు వీటిలోంచి పేరు కొట్టివేసేది గుమాస్తా కలం. ఎర్రసిరా గీత కింద పాత పేరు కనబడుతూ ఉండేది, పక్కన పొడి సంతకం ఉండేది, దానిని పట్టుకొని కోర్టులో నిలబడగలిగేవాళ్ళము. ఇప్పుడు కొట్టివేసేది ఒక ఆదేశపు పంక్తి. గీత ఉండదు, సిరా ఉండదు. ఆ పంక్తి ఏమి చేస్తుందో తెలియని సమాజం తన పేరు పోయిన సంగతిని పోలింగు కేంద్రం గుమ్మం దగ్గర తెలుసుకుంటుంది.

నాగలాపురమంటే సరిహద్దు జిల్లాల పాఠకులకు వెంటనే తోచేది ఇప్పటి తిరుపతి జిల్లాలో, వేదనారాయణస్వామి గుడి ఉన్న ఊరు. నేను చెప్పబోయేది అది కాదు. దక్షిణాన తూత్తుకుడి జిల్లాలో, విళాత్తికుళం తాలూకాలో, ఇటు కోవిల్‌పట్టికీ అటు విరుదునగరానికీ అందుబాటులో ఉన్న నల్లరేగడి నేల మీద మరొక నాగలాపురం ఉన్నది. పత్తి, జొన్న, మిరప పండే ఆ నేలలో వందల ఏళ్ళుగా తెలుగు ఇంటిమాట. కోవిల్‌పట్టి పక్కనే ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటిమాట కూడా అదే. తెలుగునాటి నుండి వలస వచ్చినవారి కథను ఆయన ‘గోపల్ల గ్రామం’ అని తమిళంలో రాశారు, ఆ నల్లరేగడి సీమ తమిళ మాటలకు నిఘంటువు కూర్చారు. అదే నేల మీది తెలుగు మాటలకు కూడా అటువంటి గంప ఒకటి కావాలి. అది ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

ఆ చుట్టుపట్ల ఒక ఇంటి ఆడపిల్ల కళాశాలలో కంప్యూటరు చదువుతున్నది. ఇంట్లో తెలుగు, బడిలో చదివినది తమిళం, కళాశాల పుస్తకాలు ఇంగ్లీషు. తెలుగు లిపి రాదు. పరీక్షలో ‘డిలీట్’కూ ‘స్ప్లైస్’కూ తేడా రాయమన్నారట. బట్టీ పట్టి రాసింది, మార్కులు కూడా వచ్చినవి. "రెండూ తీసేసేదే కదా మామా, రెండు పేర్లెందుకు?" అని నన్ను అడిగింది. మార్కులు ఇచ్చిన చదువు ఆమెకు అర్థాన్ని ఇవ్వలేదు. ఆ తప్పు ఆ పిల్లది కాదు. నేను చదువుకొని వచ్చి ఆమెకు తెలుగులో చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

జావాస్క్రిప్ట్ 1995లో పుట్టింది. నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజులలో దాని తొలి రూపం తయారు చేశారు. 1997లో ఎక్మా అనే ప్రమాణాల సంస్థ దానికి నిబంధనావళి ప్రకటించింది. ఇవాళ తెర మీద మనం నింపే దరఖాస్తులు, వెతికే జాబితాలు చాలావరకు దానితో నడిచేవే. అందులో అనేక అంశాలను ఒక పేరు కింద క్రమంగా పెట్టుకొనే ఏర్పాటును ఇంగ్లీషులో అరే అంటారు. శ్రేణి అనండి, సరణి అనండి, నాకు పట్టింపు లేదు. నేను వరుస అంటాను. వరుస అంటే నాగలాపురంలో అవ్వకు కూడా తెలుసు. పెళ్ళి మాటల్లో వరుస కలిసిందా అని అడిగేది ఆమే కదా.

ఉదాహరణకు ఆ సీమ చరిత్రనే తీసుకున్నాను. 1799లో బానర్‌మన్ దండయాత్ర తర్వాత కుంఫిణీవారు జప్తు చేసుకున్న పాళేలు ఇవి: పాంచాలంకురిచ్చి, ఏళాయిరంపణ్ణై, నాగలాపురం, కోలార్‌పట్టి, కడల్‌గుడి, కుళత్తూరు. వీరపాండ్య కట్టబొమ్మనను ఆ ఏడు అక్టోబరు 16న కయత్తారులో ఉరి తీశారు. ఆయన మంత్రి సుబ్రమణ్య పిళ్ళైని అంతకు ముందే నాగలాపురంలో ఉరి తీశారు. కుంఫిణీ దస్తరంలో ఈ ఆరు పేర్లను తీసేసిన చేతికి విచారణతో పని లేదు. మనం అవే ఆరు పేర్లను ‘పాళేలు’ అనే వరుసలో పెట్టుకొందాము. ఈ భాషలో లెక్క సున్నాతో మొదలవుతుంది. కనుక పాంచాలంకురిచ్చిది సున్నా చోటు, నాగలాపురానిది రెండవ చోటు, కుళత్తూరుది ఐదవ చోటు. వరుస నిడివి మాత్రం ఆరు. ఇక్కడే ఒక మాట. ‘పాళేలు’ అన్న పేరును యంత్రానికి తెలుగు అక్షరాలలోనే ఇవ్వవచ్చును. 1999లో వచ్చిన మూడవ కూర్పు నుండి ఆ భాష ఇందుకు ఒప్పుకుంటున్నది. పాతికేళ్ళు దాటినా ఈ సంగతి మన పిల్లలకు చెప్పినవారు అరుదు.

నాగలాపురాన్ని తీసేయాలి. మొదటి దారి డిలీట్. ఆ ఆదేశం ఇస్తే రెండవ చోటులో ఉన్న పేరు పోతుంది, చోటు పోదు. నిడివి అడిగితే యంత్రం ఇంకా ఆరు అనే చెబుతుంది. ఆ చోటులో ఏమున్నదని అడిగితే ‘నిర్వచనం లేదు’ అంటుంది. కోవిల్‌పట్టి, శివకాశి సీమల పాఠకులకు దీనికి పోలిక వెతకనక్కరలేదు. అగ్గిపుల్లలను చట్రానికి వరుసగా అమర్చి మందులో ముంచుతారు. చట్రంలోంచి ఒక పుల్ల ఊడిపోతే పక్క పుల్ల జరిగి ఆ సందు నింపదు. చట్రం పొడవు తగ్గదు. దూరం నుండి చూసేవాడికి చట్రం నిండుగానే ఉన్నట్లుంటుంది.

రెండవ దారి స్ప్లైస్. పాళేలు.స్ప్లైస్(2, 1) అని రాస్తాము. రెండవ చోటు దగ్గర మొదలుపెట్టి ఒక్క అంశాన్ని తీయమని దాని అర్థం. యంత్రంలో ఆ స్ప్లైస్ అన్న ముక్క ఒక్కటి ఇంగ్లీషు అక్షరాలలో పడాలి. ఇప్పుడు నాగలాపురం పోతుంది, కోలార్‌పట్టి జరిగి రెండవ చోటుకు వస్తుంది, కడల్‌గుడి మూడుకు, కుళత్తూరు నాలుగుకు. నిడివి ఐదు. ఇది రేషను అంగడి ముందు నిలబడిన వరుస వంటిది. నడుమ ఒకరు వెళ్ళిపోతే వెనుకవారు ఒక్కొక్క అడుగు ముందుకు వేస్తారు, అందరి లెక్కా మారుతుంది. ఇంకొక విశేషం, ఒక న్యాయవాదికి మిక్కిలి నచ్చేది: స్ప్లైస్ తాను తీసినదానిని పారేయదు, మన చేతికి తిరిగి ఇస్తుంది. పట్టుకొని దాచుకొనేవాడు దాచుకోవచ్చు. పట్టించుకోనివాడికి అది గాలిలో కలుస్తుంది.

పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. డిలీట్ చోటును ఖాళీ చేస్తుంది. స్ప్లైస్ చోటునే కోసి, మిగిలిన రెండు కొసలను అతుకుతుంది. అసలు స్ప్లైస్ అన్నది కంప్యూటరువాళ్ళు పుట్టించిన మాట కాదు. ఓడలమీద తాళ్ళ కొసలను ఒకదానిలో ఒకటి పేని అతికే నావికుల మాట, డచ్చివారి నుండి ఇంగ్లీషులోకి వచ్చింది. వాళ్ళు తాళ్ళవాళ్ళ మాటను యంత్రంలో పెట్టుకొంటే అది శాస్త్రం. మనం మోటతాడు పేనిన మాటను పెట్టుకొంటే అది పల్లెటూరితనం! ‘కోసి అతుకు’ అని ఆ పిల్లకు చెప్పాను. మళ్ళీ చెప్పవలసిన అవసరం రాలేదు. లిపి రాకపోయినా నుడి వచ్చును కదా.

మిగిలినవి చకచకా చెబుతాను. పాప్ అన్నది కొసన ఉన్నదానిని తీస్తుంది. షిఫ్ట్ మొదట ఉన్నదానిని తీసి మిగిలినవాటిని ముందుకు జరుపుతుంది. నిడివిని మూడు అని రాసేస్తే చివరి మూడూ చప్పుడు లేకుండా పోతవి. ఫిల్టర్ 2009 నిబంధనావళిలో వచ్చింది. మనం చెప్పిన షరతుకు నిలిచినవాటితో కొత్త వరుస కట్టి ఇస్తుంది, పాతదానిని ముట్టుకోదు. జల్లించడం అని దీనికి మాట పెట్టవచ్చును, కాని మన జల్లెడ పట్టిన తర్వాత పాత కుప్ప మిగలదు, ఇక్కడ మిగులుతుంది. ఆ భేదం చెప్పి మాట వాడుకుంటే తప్పు లేదు. పాత వరుస చెడకుండా కోసి అతికిన కొత్త వరుసను ఇచ్చే టుస్ప్లైస్ అన్నది 2023 నిబంధనావళిలో చేరింది.

అసలు మెలికలు ఇకముందు ఉన్నవి. వీటి కోసమే నేనీ వ్యాసం రాయడానికి కూర్చున్నది.

వరుస వెంట ముందుకు నడుస్తూ, అక్కరలేని పేరు కనబడినప్పుడల్లా స్ప్లైస్‌తో తీసుకుంటూ పోతే ఏమవుతుంది? రెండవ చోటులో నాగలాపురాన్ని తీశాము. కోలార్‌పట్టి జరిగి ఆ రెండవ చోటుకే వచ్చింది. మన నడక మాత్రం మూడవ చోటుకు అడుగు వేసింది. అక్కడున్నది కడల్‌గుడి. కోలార్‌పట్టిని ఎవరూ పరీక్షించనే లేదు. తీయవలసినదైనా అది మిగిలిపోతుంది. దీనికి విరుగుడు కొస నుండి మొదటికి వెనక్కు నడవడం. అప్పుడు జరిగేవన్నీ మనం ఇదివరకే చూసినవై ఉంటవి.

ఇంతకంటె ఘోరమైనది ఇంకొకటి. పేరును బట్టి చోటు కనుక్కోవడానికి ఇండెక్సాఫ్ అనే ఆదేశం ఉన్నది. పేరు దొరకకపోతే అది ‘లేదు’ అనదు, ‘ఋణ 1’ అంటుంది. స్ప్లైస్‌కు ఋణ 1 ఇస్తే దాని అర్థం ‘కొస నుండి మొదటిది’. అంటే, లేని పేరును తీయమని అడిగి, వచ్చిన జవాబును పరిశీలించకుండా స్ప్లైస్‌కు అందిస్తే, కొసన నిలబడిన కుళత్తూరు పోతుంది! దోషి దొరకలేదు కనుక వరుసలో చివరివాణ్ణి ఉరి తీయండి అన్నట్లు. ఇది యంత్రం చేసిన పొరపాటు కాదు. నిబంధనావళి ప్రకారం అది సరిగానే నడిచింది. ఋణ 1 వచ్చిందా అని ఒక్క పంక్తిలో చూసుకోని మనిషిది ఆ తప్పు.

ఉన్న పేరు దొరకకపోవడం ఎట్లా జరుగుతుందని అడుగుతారా? ఇంగ్లీషు పుస్తకాలు మన పిల్లలకు చెప్పనిది సరిగ్గా ఇదే. ఏళాయిరంపణ్ణై చివర ఐత్వం ఉన్నది. యూనికోడ్‌లో ఆ ఐత్వాన్ని ఒకే గుర్తుగా నిలువ చేయవచ్చు, ఎత్వం ఒకటి, కింది వంపు ఒకటి అని రెండు గుర్తులుగా కూడా నిలువ చేయవచ్చు. కంటికి రెండూ ఒక్కటే. యంత్రం మాత్రం రెండు వేర్వేరు పేర్లంటుంది. నార్మలైజ్ అనే ఆదేశంతో రెండింటినీ ఒకే రూపానికి తెచ్చి పోల్చాలి. కోలార్‌పట్టిది వేరే చిక్కు. రకార పొల్లును విడిగా నిలపాలంటే దాని తర్వాత కంటికి కనబడని ఒక గుర్తు పెట్టాలి. పెడితే కోలార్‌పట్టి, పెట్టకపోతే కోలార్పట్టి. చదివే మనకు రెండూ ఒకే ఊరు, యంత్రానికి రెండు ఊళ్ళు. నార్మలైజ్ దీనిని సరిచేయదు. ఆ గుర్తును మనమే తొలగించి పోల్చుకోవాలి. తమిళ ఊళ్ళ పేర్లు తెలుగులో రాసే ప్రతివారికీ ఎదురయ్యే చిక్కు ఇది. ఇంగ్లీషు పుస్తకంలో దీనికి చోటెందుకు ఉంటుంది? ఇంగ్లీషువాడికి పొల్లు లేదు, ఐత్వం లేదు.

నాగలాపురం అన్న మాటను అక్షరాల వరుసగా విడగొట్టి కొసన ఉన్నదానిని పాప్ చేస్తే ‘రం’ పోతుందని మన పిల్లవాడు అనుకుంటాడు. పోయేది సున్నా మాత్రమే. నాగలాపుర అని మిగులుతుంది. యంత్రం ఆ మాటను ఐదు అక్షరాలుగా గాక తొమ్మిది గుర్తులుగా చూస్తుంది. మన అక్షరం ప్రకారం విడగొట్టడానికి సెగ్మెంటర్ అనే పనిముట్టు వేరే ఉన్నది. అది ఫైర్‌ఫాక్స్‌లో 2024లో గాని రాలేదు. గుణింతం దిద్దిన పిల్లకు ఈ సంగతి ఒక్క వాక్యంలో ఎక్కుతుంది. దిద్దని పిల్లకు ఎంత చెప్పినా ఎక్కదు.

ఒకే పేరుగల రెండు ఊళ్ళ సంగతి కూడా చెప్పాలి. వరుసలో తిరుపతి జిల్లా నాగలాపురమూ తూత్తుకుడి జిల్లా నాగలాపురమూ ఉన్నవి, రెండవదానిని తీయాలి. ఇండెక్సాఫ్ మొదట కనబడినదానినే చూపుతుంది, కనుక తప్పు ఊరు పోతుంది. పేరును బట్టి ఫిల్టర్ చేస్తే రెండూ పోతవి. పేరు ఒక్కటే గుర్తింపు కాదు, తాలూకాను కూడా కలిపి పోల్చాలి. కోర్టులో ఇది మాకు నిత్యానుభవం. తండ్రి పేరు, ఇంటి నంబరు లేకుండా ఏ న్యాయమూర్తీ ఒక పేరును ఒక మనిషికి అంటగట్టరు. తమిళనాడులో మన పేర్లకు ఈ ప్రమాదం రెట్టింపు. తమిళ లిపిలో ప, బ లకు ఒకే అక్షరం, క, గ లకు ఒకే అక్షరం. బాలమ్మ, పాలమ్మ అని మనకు ఇద్దరు మనుషులు. తమిళ లిపిలో వారిద్దరి పేరూ ఒక్కటే. పేరు చూసి నకిలీ అని తీసేసే ఆదేశం ముందు వారిద్దరిలో ఒకరు మాయం కావలసిందే.

ఇవన్నీ పాఠ్యపుస్తకపు భయాలని కొట్టివేయకండి. 2015లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఓటర్ల జాబితాకు ఆధార్‌ను జోడించి, నకిలీ పేర్లు తొలగించే పని పెద్దఎత్తున జరిగింది. ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు ఆధార్ వినియోగంపై ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది ఆగింది. 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభ ఎన్నికలనాడు పోలింగు కేంద్రాలకు వెళ్ళిన ఎందరికో జాబితాలో తమ పేర్లు లేవు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. తమిళనాడులో 2025 చివర జరిగిన ప్రత్యేక సవరణలో, డిసెంబరు 19 నాటి ముసాయిదా నుండి దాదాపు 97 లక్షల పేర్లు తొలగినవి. చనిపోయినవారు, ఊరు మారినవారు, రెండుచోట్ల నమోదైనవారు అని కారణాలు చూపారు. ఈ తొలగింపులు జావాస్క్రిప్ట్‌తో జరిగినవని గాని, అన్నీ తప్పని గాని నేననడం లేదు. ఏ భాషలో రాసినా వరుసలోంచి తీసే పనికి ఉండే మెలికలు ఇవే. ఆ మెలికలు తెలిసినవారు మన పల్లెల్లో ఎంతమంది ఉన్నారన్నది నా ప్రశ్న.

చట్టం ఏమంటున్నది? 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షను ప్రకారం, ఒక వ్యక్తి ఆ నియోజకవర్గంలో నివాసం లేడనో, అర్హుడు కాడనో పేరు తీసే ముందు అతని మాట వినడానికి తగిన అవకాశం ఇవ్వాలి. ముందు వినడం, తర్వాత తీయడం. స్ప్లైస్ తాను తీసినదానిని చేతికి ఇస్తుందని పైన చెప్పాను. ఆ ఇచ్చినదానిని ఒక పక్కన రాసి ఉంచితే ఎవరి పేరు ఎప్పుడు పోయిందో తేలుతుంది. మన ఊరి పిల్లవాడు ఆ ప్రశ్న అడగగలగాలి: "అయ్యా, తీసిన పేర్ల పట్టీ ఏదీ?" ఈ ప్రశ్న ఇంగ్లీషు బట్టీతో పుట్టదు. విషయం నుడిలో ఇంకినప్పుడు పుడుతుంది.

ఇక మన బడుల సంగతికి వస్తాను. 2006లో తమిళనాడు తమిళ అభ్యసన చట్టం చేసి, ఒకటవ తరగతి మొదలుకొని ఏటేటా తమిళాన్ని మొదటి భాగంలో నిర్బంధం చేసినది. మొదటి భాగంలో ఉంటూ వచ్చిన తెలుగు ఐచ్ఛికంగా నాలుగవ భాగానికి జరిగింది. పిల్లలు తమిళం నేర్వడానికి నేను వ్యతిరేకిని కాను. ఉన్న నేల భాష రాకుండా బతకలేము. కాని ఆ జరుపుడు ఏ రకపు తీసివేతో గమనించారా? ఇది స్ప్లైస్ కాదు, డిలీట్. తెలుగుకు చోటు ఉన్నది, చోటులో తెలుగు లేదు. తెలుగు పంతులు పదవీవిరమణ చేస్తాడు, పట్టికలో ఆ కొలువు నిలిచే ఉంటుంది, దానిలోకి మనిషి రాడు. నిడివి అడిగితే ఆరు. లోపల చూస్తే ‘నిర్వచనం లేదు’. ఏటేటా లెక్కలు చూపే అధికారికి అదే చాలు. నిండు చట్రం కనబడుతున్నది కదా!

1956లో ఏడవ సవరణతో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని చెబుతున్నది. 2014 మే 6న కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, మాతృభాషా మాధ్యమాన్ని ప్రభుత్వం నిర్బంధించజాలదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు మన ఉద్యమానికి దెబ్బ అని చాలామంది బాధపడ్డారు. నేను దానిలో మరొకటి కూడా చదివాను. పిల్లవాడి మాతృభాష ఏదన్నది తల్లిదండ్రులు చెప్పేదే అని అందులో ఉన్నది. అంటే ఆ గడిలో ఏమి రాయాలన్నది మన చేతిలో ఉన్నది. సరిహద్దు జిల్లాలలో ఎన్ని కుటుంబాలు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడి దరఖాస్తులో మాతృభాష గడి ఎదుట గుమాస్తా ఏది రాస్తే దానికే సంతకం పెట్టి వస్తున్నవి? ప్రభుత్వం మన నుడిని ఆ చోటు నుండి డిలీట్ చేసిందని మొత్తుకుంటాము. ఆ మీటపై పడినది మన వేలే.

తెలుగు రాష్ట్రాల పాలకులు మనకు ఆదర్శమనుకోకండి. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడులను ఇంగ్లీషు మాధ్యమానికి మార్చే ఉత్తర్వులు ఇచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టివేసింది. తమిళులు మాత్రం ఈ విషయంలో మనకు పాఠం చెప్పగలవారు. 2010లోనే అణ్ణా విశ్వవిద్యాలయం సివిల్, మెకానికల్ ఇంజనీరింగులను తమిళ మాధ్యమంలో మొదలుపెట్టింది. తమిళ పదాలతో ఆదేశాలు రాసే ఎళిల్ అనే కంప్యూటరు భాషనే వాళ్ళలో ఒకరు తయారు చేశారు. మనకంటె వాళ్ళ నుడి యంత్రానికి దగ్గర చుట్టమా? వాళ్ళు అడిగారు, రాశారు, వాడారు. మనం మాత్రం ఇంగ్లీషు రానిదే కంప్యూటరు రాదని పిల్లలను భయపెడుతున్నాము.

ఇంగ్లీషు మానమని నేను చెప్పడం లేదు. యంత్రంలో పడవలసిన ఆ పది ఇరవై ఆదేశపు మాటలు ఇంగ్లీషు అక్షరాలలోనే పడనివ్వండి. అవి మంత్రాలు కావు, మీటల పేర్లు. మీట నొక్కితే ఏమి జరుగుతుందో, ఏది జరగకూడదో, జరిగితే ఎవరిని నిలదీయాలో, అది అమ్మనుడిలో తెలియాలి. ఇందుకు పుస్తకాలు ఎవరో పంపుతారని ఎదురుచూడవద్దు. హోసూరు, తిరుత్తణి, గుమ్మిడిపూండి ప్రాంతాలలో ఆదివారం తెలుగు తరగతులు నడుపుతున్నవారు గుణింతం తర్వాత ఒక గంట దీనికి ఇవ్వండి. మొదటి పాఠానికి ఆరు ఊళ్ళ పేర్లు చాలు, మీ చుట్టూ ఉన్న ఊళ్ళవే. వాటిలో ఒకటి ఐత్వంతో ముగిసేది, ఒకటి పొల్లు ఉన్నది తప్పక ఉండేట్లు చూసుకోండి. ఒకదానిని డిలీట్ చేయించండి, మరొకదానిని స్ప్లైస్ చేయించండి, ప్రతిసారీ నిడివి ఎంతని పిల్లలచేత అడిగించండి. లేని ఊరిని తీయమని చెప్పించి, కొసన ఉన్న ఊరు పోవడం వారి కళ్ళతో చూడనివ్వండి.

మాటలు కూడా పంపండి. తీయడానికి, కోయడానికి, జరపడానికి, అతకడానికి, ఏరడానికి, చెరగడానికి మీ ఇళ్ళలో పెద్దలు వాడే తెలుగు మాటలు, ఏ ఊరివో గుర్తు రాసి, ఈ పత్రిక చిరునామాకు పంపితే వచ్చే సంచికలలో వరుసగా వేయించే బాధ్యత నాది. నాగలాపురం అవ్వ ఇప్పటికే నాలుగు చెప్పింది. మొదటిది ‘కోసి అతుకు’.